ఎర్రప్ప చాటని మాట

తుమ్మలదిన్నెలో చాటింపు వేసే ఎర్రప్పకు అక్షరం ముక్క రాదు. వేలిముద్రే అతని సంతకం. అయినా చిలీ అనే దేశం ఒకటుందనీ, అక్కడ సైన్యం జనాన్ని పట్టుకొచ్చి ఆటల మైదానంలో కూడేసి హింసలు పెడుతోందనీ డెబ్భై మూడులో మడకశిర చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికైనా తెలిసిందంటే అది అతని చలవే. ఏదో కబుర్ల మధ్య చెప్పలేదు, తప్పెట కొట్టి మరీ చెప్పాడు. ఆ రోజు గ్రామ మునసబు అతణ్ని చాటమన్నది ఒకే ఒక మాట: చెరువు కట్ట మీద గొర్రెల్ని మేపకూడదు. ఎర్రప్ప ఆ మాట చాటి, అంతటితో ఊరుకోకుండా ఇంకో నాలుగు దెబ్బలు వేసి గొంతెత్తాడు.

"ఇంగొగ మాట ఇనండప్పో. సముద్రాలవతల చిలీ అనే దేశం ఉండాది. ఆడ మనుసుల్ని మైదానంలోకి తోలి కొడతాండారు. మనకు తెలిసిందని వాళ్లకు తెలియల్ల. అందుకే చెప్తాండా."

"వాళ్లకెట్ల తెలుస్తాది రా?" అని అరుగుల మీదివాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు.  అయినా ఎర్రప్ప మానలేదు. గొడ్ల సంత గురించి చాటినా, టీకాల డాక్టరు వస్తున్నాడని చాటినా, చివర ఏదో ఒక దేశపు కష్టం తగిలించకుండా ఇల్లు చేరేవాడు కాదు. "ఎర్రప్ప తోక" అని దానికి ఊళ్ళో పేరు కూడా పెట్టారు. పిల్లలైతే అసలు చాటింపు వదిలేసి తోక కోసమే వెంటపడేవాళ్ళు.

ఈ వార్తలన్నీ అతనికి ఈశ్వరప్ప హోటల్లో దొరికేవి. హోటలంటే బస్సు దారి పక్కన రెండు బల్లలు, ఒక పొయ్యి. ముందురోజు పేపరు పొద్దున బస్సులో వచ్చేది. ఈశ్వరప్ప దాన్ని గొంతెత్తి చదివేవాడు. లోపల బల్లల మీద కూర్చున్నవాళ్ళ కోసం అంత గొంతు అక్కర్లేదు. బయట బండ మీద కూర్చున్న ఎర్రప్పకు వినపడాలని అంత గట్టిగా చదివేవాడు. ఎర్రప్ప కులంవాళ్ళకు లోపలికి ప్రవేశం లేదు, వాళ్ళ టీ గ్లాసు వేరుగా చూరుకు వేలాడుతుండేది. ఒకసారి ఈశ్వరప్ప దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ళ బెంచీల మీద నల్లవాళ్ళు కూర్చోకూడదని చదివాడు. "ఎంత అన్యాయం సామీ," అని ఎర్రప్ప నిజంగానే కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఆ తర్వాత తన గ్లాసు తను కడుక్కుని, చూరుకు తగిలించి వెళ్ళాడు. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు, నాకైతే నవ్వు రాదు.

అతనికి పెళ్ళాం పోయింది. కొడుకు బయ్యన్న ఒక్కడే. కూలి పని లేని రోజు తండ్రీ కొడుకులిద్దరూ రాగి ముద్ద తిని గుడిసె ముందు కూర్చునేవాళ్ళు. "నాయనా, యాడో దేశాల గోడు మనకెందుకు?" అని బయ్యన్న అప్పుడప్పుడు అడిగేవాడు.

"ఒగనాడు మనకు కష్టమొస్తే, యాడో ఒగడు మన పేరు తలుచుకోవల్ల గదరా. ముందు మనం వాళ్లను తలుచుకోకుంటే ఎట్ల?" అనేవాడు ఎర్రప్ప. అతని చదువంతా ఆ ఒక్క మాటలో ఉంది.

ఎమర్జెన్సీ వచ్చింది. తుమ్మలదిన్నెకు అది పెద్దగా కనపడలేదు. పేపరు మాత్రం మారింది. మన దేశంలో అంతా బాగుందని రాసేవాళ్ళు. రైళ్ళు వేళకు నడుస్తున్నాయి, ఆఫీసర్లు వేళకు వస్తున్నారు, ఎక్కడా గొడవల్లేవు. బయటి దేశాల ఘోరాలు మాత్రం ఎప్పటిలాగే పడుతుండేవి. మునసబు ఒకరోజు ఎర్రప్పను పిలిచి చెప్పాడు.

"పైదేశాల గురించి ఎంతన్నా మొత్తుకో. మన సర్కారు మాట ఎత్తినావో, తోలు ఒలుస్తారు."

"మన దాంట్లో మొత్తుకునేకి ఏముండాది సామీ? పేపర్లో ఏం పడల్యా," అన్నాడు ఎర్రప్ప. మనస్ఫూర్తిగానే అన్నాడు.

డెబ్భై ఆరు జూన్‌లో ఆఫ్రికాలో బడిపిల్లల మీద తుపాకులు పేల్చారని వచ్చింది. ఎర్రప్ప ఆ రోజు చాటింపు లేకపోయినా తప్పెట తగిలించుకుని బయలుదేరాడు. తుమ్మలదిన్నె అయ్యాక, రెండు మైళ్ళ అవతలున్న కురుబదొడ్డికి కూడా వెళ్ళాడు. గొర్రెల కాపరులుండే ఆ ఊరికి కూడా చాటింపు పని అతనిదే. పిల్లలు పరాయి భాషలో చదవమంటే మేం చదవం అన్నారనీ, ఆ పాటి దానికే చంపారనీ ఎర్రప్ప చెప్తుంటే, దొడ్డిలో నల్లమ్మ అనే ముసలావిడ చేటలో ఉలవలు చెరగడం ఆపేసింది. "ఆ తల్లులు ఎట్ల బతుకుతాండారో," అంది. ఎర్రప్పకు ఆ మాట చాలు. ఒక్కరికైనా తగిలింది కదా అనుకుంటూ తిరిగొచ్చాడు.

ఆ ఏడు తొలకరిలో రావాల్సిన ముంగారు వానలు మొహం చాటేశాయి. విత్తనానికి దాచుకున్న శనక్కాయలు వలుచుకు తిన్నారు. చెరువులో బురద కూడా ఎండి పెళ్ళలు లేచింది. సర్కారు కరువు పనులు ఎప్పుడు పెడుతుందా, రోడ్డు మీద రాళ్ళు కొట్టే పని అయినా దొరుకుతుందా అని మగవాళ్ళంతా ఎదురుచూస్తున్నారు. అలాంటి రోజుల్లో హనుమంతప్ప అనే గొర్రెల కాపరి ఎర్రప్ప గుడిసె ముందు ఆగాడు.

"ఎర్రప్పా, నీకు దేశాల సంగతులన్నీ తెలుసు గదా. నక్కలగుట్ట సంగతి ఇన్యావా?"

"ఏమైంది నక్కలగుట్టలో?"

"జీపొచ్చిందంట, ఎనకాల్నే వ్యానొచ్చిందంట. పనికి పేర్లు రాస్తామని మగోల్లను బడి లోపలికి పిలిచి తలుపులు మూసినారంట. అందర్నీ ఎక్కించుకపోయి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి ఇడ్సినారంట. ముసలోల్లని లే, పెండ్లి కానోల్లని లే. మా బామ్మర్ది గోడ దూకి తప్పించుకుని వచ్చినాడు."

ఎర్రప్ప అంతా విని, ఒక్క ప్రశ్న అడిగాడు. "ఏ పేపర్లో పడింది?"

"పేపర్లో యాల పడ్తాది? బామ్మర్ది చెప్పినాడంటాండా గదా."

"ఆఫ్రికాలో జరిగింది నాలుగు దినాలకు మనూరికొచ్చె. నక్కలగుట్ట ఆరు మైళ్లు. జరిగింటే పేపర్లో రాకుండా ఉంటాదా హనుమంతప్పా? మీ బామ్మర్దికి ఎవరో లేనిపోనివి చెప్పినారు."

ప్రపంచమంతా తెలిసినవాడు అలా అనేసరికి, తన బామ్మర్ది మాట మీద హనుమంతప్పకే అనుమానం వచ్చింది. గొర్రెల్ని అదిలించుకుంటూ వెళ్ళిపోయాడు. ఎర్రప్పకు మాత్రం లోపల ఏదో గుచ్చుకుంటూనే ఉంది. మరునాడు హోటలుకు వెళ్ళి, "సామీ, నక్కలగుట్ట గురించి ఏమన్నా పడిందా?" అని అడిగాడు. ఈశ్వరప్ప పేపరు తిరగేసి లేదన్నాడు. ఇక్కడివి రాయనివ్వడం లేదని ఈశ్వరప్పకు తెలుసు. కాని ఆ పూట లోపల బల్ల దగ్గర ఎవరో ఇద్దరు కొత్త మనుషులు టీ తాగుతున్నారు. పోలీసు మనుషులేమోనని ఆయన నోరు కట్టేసుకున్నాడు. పడలేదంటే జరగలేదనే ఎర్రప్ప లెక్క. గుండె తేలికపడి ఇంటికి వచ్చాడు.

రెండు రోజులకు మునసబు కబురు పెట్టాడు.

"కురుబదొడ్డిలో చాటు. బేస్తవారం పొద్దున మగోల్లంతా బడి కాడికి రావల్ల. కరువు పనికి పేర్లు రాసుకుంటారు."

"అంతే గదా సామీ?"

"అంతే. మిగతాది నీకెందుకు?"

చాటింపువాడి పని అలాంటిది. ఇచ్చిన మాట మోసుకుపోవడమే, మూట విప్పి చూసే అలవాటు ఉండదు. ఎర్రప్ప దొడ్డికి వెళ్ళి తప్పెట కొట్టాడు. అక్కడివాళ్ళ చెవిన నక్కలగుట్ట మాట అప్పటికే పడింది. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరూ వస్తామనలేదు. అప్పుడు ఎర్రప్ప తన బుద్ధి కొద్దీ ఇంకో మాట కలిపాడు. ఆ మాట మునసబు చెప్పలేదు, ఏ ఆఫీసరూ చెప్పలేదు.

"భయపడొద్దండప్పో. అట్లాంటిదేమన్నా ఉంటే పేపర్లో పడింటాది. నేను అడిగొచ్చినా. ముందొచ్చినోనికి ముందు పని. మా బయ్యన్నను గూడా పంపిస్తాండా."

ఆ మాట మీద పద్నాలుగు మంది వెళ్ళారు. బయ్యన్న అందరికంటే ముందు వెళ్ళాడు. తండ్రి తెల్లారకముందే లేపి, సద్ది కట్టి మరీ పంపాడు.

మూడో రోజు సాయంత్రం బయ్యన్న కాళ్ళు ఎడంగా వేసుకుంటూ, గోడలు పట్టుకుంటూ ఇల్లు చేరాడు. చేతిలో ఆసుపత్రి ముద్ర వేసిన ఒక అచ్చు కాగితం ఉంది. తండ్రి కళ్ళ ముందే దాన్ని పొయ్యిలో వేసి, మూలకు తిరిగి పడుకున్నాడు. ఎర్రప్ప దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు.  ఏమైందో అడగకుండానే తెలిసిపోయింది.

"పెండ్లి కాలేదని చెప్తి నాయనా," అన్నాడు బయ్యన్న గోడ వైపు తిరిగే. "కాళ్లు పట్టుకుంటి. లెక్కకు ఒగడు తక్కువొస్తాండాడు, నోరు మూసుకోమన్యారు."

ఎర్రప్ప నెత్తి బాదుకున్నాడు. గట్టిగా ఏడిస్తే ఊరికి తెలుస్తుందని నోట్లో కండువా కుక్కుకున్నాడు. ఇరవై ఏళ్ళ కొడుకు. కాలు విరిగితే కట్టు కడతారు, జ్వరమొస్తే మాత్ర ఇస్తారు. ఈ వంశం ఇంతటితో ఆగిందంటే ఎవరేం చేస్తారు? పట్టుకుపోయినవాళ్ళను తిడదామంటే వాళ్ళ మొహాలు అతనికి తెలియవు. పిలిచిన గొంతు మాత్రం తెలుసు. అది తనదే.

"ఎవరికీ చెప్పొద్దు నాయనా. హిందూపురానికి కూలికి పోయింటి అని చెప్పు. బయట తెలిసిందంటే బాయిలో నా పీనుగే తేల్తాది," అన్నాడు బయ్యన్న. ఎర్రప్ప కొడుకు తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. దొడ్డివాళ్ళ వల్ల ఆ మాట పొక్కదని తెలుసు, వాళ్ళకూ అదే సిగ్గు.

వారం తర్వాత మనసు పట్టలేక హోటలు మూసే వేళకు వెళ్ళి, ఎవరి పేరూ చెప్పకుండా అడిగాడు. "సామీ, ఈడ ఒగ అన్యాయం జరిగితే పేపరోల్లకు రాసేకి అవుతాదా?"

ఈశ్వరప్ప అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "రాసినా వెయ్యరు రా ఎర్రప్పా. ఏసేకి వీల్లేదని ఉత్తర్వు."

"అయితే ఇన్ని దినాలు నేనిన్నేదంతా అబద్ధమా?"

"అబద్ధం కాదురా. దూరానిదంతా నిజమే. దగ్గరిదే రాదు."

 ఆ రోజు నుంచి ఎర్రప్ప చాటింపుకు తోక తెగిపోయింది. మునసబు చెప్పింది చాటేవాడు, ఇంటికి వచ్చేవాడు. దొడ్డికి మాత్రం ఒక్కసారి తప్ప పోలేకపోయాడు. వెళ్ళిన ఒక్కసారీ నల్లమ్మ రెండు దోసిళ్ళతో దుమ్మెత్తి అతని మొహాన పోసింది. ఆమె ముగ్గురు కొడుకులనూ వ్యాను ఎక్కించారు, చిన్నవాడికి ఆపరేషన్ పుండు పట్టి ప్రాణం మీదికి వచ్చింది. ఎర్రప్ప ఆ దుమ్ము తుడుచుకోకుండానే ఊరు దాటాడు.

డెబ్భై ఏడు ఎండాకాలానికి ఎమర్జెన్సీ పోయింది. కట్టలు తెగినట్టు పేపర్ల నిండా అవే వార్తలు. ఢిల్లీలో, ఉత్తరాదిలో ఎక్కడెక్కడ ఎవరిని పట్టుకుపోయిందీ ఊళ్ళ పేర్లతో సహా వేశారు. ఎర్రప్ప మళ్ళీ పొద్దున్నే బండ మీద చేరేవాడు. నక్కలగుట్ట పేరు వస్తుందేమోనని చెవులు రిక్కించేవాడు. కురుబదొడ్డి పేరు వస్తుందేమోనని భయపడేవాడు. రెండూ రాలేదు.

ఆ ఏడు చలికాలంలో అనంతపురం నుంచి ఒక వకీలు, ఒక కాలేజీ పంతులు వచ్చారు. పైనుంచి విచారణ జరుగుతోందనీ, బలవంతంగా ఆపరేషన్లు చేసిన చోట్ల జనం చెప్పింది రాసి పంపుతామనీ అన్నారు. దొడ్డిలో ఎవరూ నోరు విప్పలేదు. నోరు విప్పితే మళ్ళీ ఏ జీపు వస్తుందోనని భయం, పైగా సిగ్గు. చాటింపు వేసినవాణ్ని అడగండని పంపేశారు. వకీలు ఎర్రప్ప గుడిసె ముందు నులక మంచం మీద కూర్చుని కాగితాలు తీశాడు. పంతులు చదువుకున్నవాళ్ళ మర్యాదతో అడిగాడు.

"మీరేం చాటారు, ఎవరు చాటమన్నారు, ఎవరెవరిని తీసుకుపోయారు? భయపడకుండా చెప్పండి. మీరొక్కరు చెప్పినా చాలు, ఢిల్లీదాకా పోతుంది. బయటి దేశాల్లో కూడా ఇలాంటివి చదివి అడిగేవాళ్ళున్నారు."

బయటి దేశాల్లో కూడా. ఎర్రప్ప గొంతు దాకా వచ్చింది మాట. ఎన్నేళ్ళు ఎదురుచూశాడు దానికోసం! గుడిసె లోపల తడిక పక్కన బయ్యన్న నిలబడి ఉన్నాడు. ఆ ముందు వారమే అతనికి సంబంధం కుదిరింది. రాయదుర్గం దగ్గరి పల్లె, పిల్ల పేరు మారెక్క. ఆ సంబంధం వద్దని ఎర్రప్ప నెల రోజులు బతిమాలాడు. "నలుగురి మాదిరి ఒగ ఇల్లన్నా ఉండనీ నాయనా," అని కొడుకు ఏడ్చాడు. పెద్దాసుపత్రిలో తెగ్గోసింది మళ్ళీ అతుకుతారని ఎవరో కాంపౌండరు చెప్పాడట. ఆ గడ్డిపరక పట్టుకుని తండ్రి కూడా సరే అన్నాడు. ఇక్కడ ఎర్రప్పను వెనకేసుకురావడానికి నాకు నోరు రావడం లేదు. ఒక ఆడపిల్ల బతుకు తీసుకొచ్చి ఆ గడ్డిపరకకు కట్టారు ఇద్దరూ.

తడిక వైపు చూసి ఎర్రప్ప తల వంచుకున్నాడు. "ఏమీ జరగల్యా సామీ. పనికి పేర్లు రాసుకుని పోయినారు."

వకీలు రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ అదే చెప్పాడు. చుట్టూ చేరిన ఊరివాళ్ళు విన్నారు. ఈ గ్రామంలో ఫిర్యాదులు లేవని వకీలు రాసుకుని, ఎర్రప్ప వేలిముద్ర తీసుకున్నాడు.

మారెక్క కాపురానికి వచ్చింది. ఐదో తరగతి దాకా చదివిన పిల్ల. అంగట్లో ఏది కొన్నా చుట్టి ఇచ్చే కాగితాన్ని పారేయకుండా చేత్తో సాపు చేసి చదివేది. మామకు వార్తలంటే ప్రాణమని నెల తిరక్కముందే పసిగట్టింది. బెల్లం చుట్టిన కాగితం, బొరుగులు చుట్టిన కాగితం, ఏదైనా సరే, సాయంత్రం పొయ్యి ముందు కూర్చుని వినిపించేది. అర్జెంటీనాలో పిల్లలు మాయమైన తల్లులు వారం వారం దొరల మేడ ముందు చుట్టూ తిరుగుతున్నారని ఒకసారి చదివింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి కాగితంలో వాళ్ళ కోసం వెతికేది.

"వాళ్ల పిల్లోల్లు దొరికింటారా మామా?" అని అడిగేది. దొరకాలమ్మా అనేవాడు ఎర్రప్ప. కూతురు లేని మనిషికి ఆ సాయంత్రాలు పండగలే.

ఒకసారి అలాగే పప్పు చుట్టిన పాత కాగితం తీసింది. "ఉత్తరాన యాడో పెండ్లి గాని పిల్లోల్లకు గూడా ఆపరేషన్ చేసినారంట మామా. పాపం, వాళ్లను చేసుకునే ఆడపిల్లల గతేం గావల్ల?" అంది. ఎర్రప్ప చుట్ట ఆరిపోయిందని లేచి బయటికి వెళ్ళాడు. 

రెండేళ్ళు, నాలుగేళ్ళు, ఆరేళ్ళు గడిచాయి. సంతకు పోతే ఆడవాళ్ళు మారెక్క కడుపు వైపు చూసేవాళ్ళు. తర్వాత చూడడం మానేసి మొహం తిప్పుకోసాగారు. సీమంతాలకు పిలవరు. విత్తనాలు వేసేటప్పుడు ముందు నడవనివ్వరు. గొడ్రాలనే మాట మొదట వీపు వెనక, తర్వాత మొహం మీదే. బయ్యన్న పెళ్ళాన్ని ఒక్క మాట అనేవాడు కాదు. ఆమె తరఫున కూడా ఒక్క మాట అనలేదు. పొద్దున పనికి పోయి, చీకటి పడ్డాక వచ్చి పడుకునేవాడు. కాంపౌండరు చెప్పిన పెద్దాసుపత్రికి ఒకసారి వెళ్ళొచ్చాడు. కుదరదన్నారని తండ్రికి ఒక్కడికే చెప్పాడు. ఎనభై నాలుగులో మునసబుల ఉద్యోగాలు రద్దయ్యాయి. ఎర్రప్ప తప్పెటకు పని తగ్గిపోయింది.

మారెక్క తల్లి సిద్దమ్మ కూతురి కోసం తిరగని గుడి లేదు. చివరికి పిల్లల్లేనివాళ్ళకు వాతలు పెట్టే ఒక ముసలామె దగ్గరికి తీసుకుపోయింది. ఆమె ఇనప కడ్డీ ఎర్రగా కాల్చి పొత్తికడుపు మీద మూడు వాతలు పెట్టింది. ఏడాదికి ఇంకో మూడు పెట్టింది. ఆ రెండోసారివి చీము పట్టి మారెక్క పదిహేను రోజులు లేవలేదు. ఎర్రప్పే గంజి కాచి పోశాడు. అలా పోస్తున్నప్పుడు కూడా నిజం చెప్పలేదు. బాయిలో కొడుకు పీనుగు కళ్ళ ముందు కనిపించేది, నోరు మూసుకునేవాడు.

ఎనభై ఐదు ఎండాకాలం. మారెక్క తేరుకుని పొయ్యి ముందు కూర్చుంది. సోమవారం మూడోసారి వాతలకు పోవాలని సిద్దమ్మ వచ్చి ఇంట్లోనే ఉంది. చింతపండు చుట్టిన కాగితం సాపు చేసి మారెక్క మెల్లగా చదివింది. ఏదో దేశంలో ఖైదీల ఒంటి మీద కాలిన మచ్చలున్నాయనీ, ఒకడి ఒంటి మీద నాలుగు లెక్కపెట్టారనీ, అది చూసి పెద్ద పెద్ద దేశాలవాళ్ళు కలిసి కాగితం రాశారనీ ఉంది. చదివి ఆమె చిన్నగా నవ్వింది.

"నాలుగేనంట మామా. నావి ఆరు."

ఎర్రప్ప ఇక ఆగలేకపోయాడు. చిలీ మొదలుకుని తను విన్న దేశాలన్నీ ఆ గుడిసెలోనే ఉన్నట్టనిపించింది. చేతులు జోడించి కోడలి ముందు నేల మీద కూర్చున్నాడు.

"తల్లీ, నీలో ఏ లోపమూ లేదు. బయ్యన్నకు పెండ్లికి ముందే బలవంతంగా ఆపరేషన్ చేసి పంపినారు. రమ్మని పిలిచింది నేనే. దాచింది గూడా నేనే."

మారెక్క చేతిలో కాగితం మడతలు పెట్టింది. మళ్ళీ విప్పింది. ఏడవలేదు.

"నీకు మొదట్నుంచీ తెలుసునా?"

"తెలుసమ్మా."

"మొన్న నాకు గంజి పోస్తాన్నెప్పుడు గూడా?"

ఎర్రప్ప తల ఊపాడు. లోపలి నుంచి సిద్దమ్మ తొంగి చూసి, ముసలాయన మాటలు కట్టిపెట్టమంది. కోడలికి వాతలు తప్పించడానికి ఏదో అల్లుతున్నాడంది. మారెక్క తల్లి వైపు చూడలేదు.

"అయితే చాటు మామా. నన్ను గొడ్రాలన్న ప్రతి ఇంటి ముందరా చాటు."

ఎర్రప్ప తప్పెట దించి, మంట దగ్గర కాచి, బిగువు చూసుకున్నాడు. ఎవరూ ఆజ్ఞ ఇవ్వకుండా, ఎవరి పని మీదా కాకుండా పొద్దు వాలే వేళ వీధిలోకి వచ్చాడు. 

"ఇనండప్పో, ఇనండమ్మో. నా కోడలు మారెక్కలో ఏ లోపమూ లేదు. తొమ్మిదేండ్ల కిందట కురుబదొడ్డి బళ్లో పద్నాలుగు మందిని పట్టుకపోయి ఆపరేషన్ చేసినారు. వాళ్లలో నా కొడుకొగడు. ఆ పొద్దు తప్పెట కొట్టి పిలిచినోన్ని నేనే."

జనం చేరారు.  అరుగు మీద నుంచి రంగన్న అనే రైతు లేచాడు. చెడ్డవాడు కాదు, అందరి మనసులో ఉన్నది అడిగాడంతే.

"ఏమప్పా ఎర్రప్పా, ఆ పొద్దు వకీలు సారొచ్చి అడిగితే ఏమీ జరగలేదంటివి. మేమంతా ఇంటిమి. వేలిముద్ర గూడా ఏస్తివి. అది నిజమా, ఇది నిజమా?"

ఎర్రప్ప నోరు తెరిచాడు. అప్పుడే పని నుంచి వచ్చిన బయ్యన్న జనం వెనక నిలబడి ఉన్నాడు. అందరూ అతని వైపు తిరిగారు. 

"మా నాయనకు మతి సరిగా లేదు," అన్నాడు బయ్యన్న. "ఆ దేశాల కతలు ఇని ఇని ఇట్లయిపోయినాడు."

రంగన్న జాలిగా తల పంకించాడు. పాపం, కోడలి మీద అభిమానంతో లోపం కొడుకు మీద వేస్తున్నాడని ఎవరో అన్నారు. గొడ్రాలిని వెనకేసుకురావడానికి ఇంతకు దిగాలా అని ఇంకెవరో అన్నారు. ఎర్రప్ప మళ్ళీ చాటాడు, మళ్ళీ చాటాడు. వీధి మూడుసార్లు తిరిగాడు. చివరికి పిల్లలు తప్ప ఎవరూ మిగల్లేదు. ముప్పై ఏళ్ళు అతను ఏం చాటినా నమ్మిన ఊరు ఈ ఒక్క నిజాన్ని నమ్మలేదు.

మరునాడు పొద్దున మారెక్క బట్టలు మూట కట్టుకుంది. వాతలకు రానని తల్లికి చెప్పేసింది. బయ్యన్న తడిక పక్కన నిలబడ్డాడు, ఆపలేదు, పొమ్మనలేదు. ఎర్రప్ప బస్సు దారి దాకా వెనకే నడిచాడు. ఉండమని అడిగే హక్కు తనకు లేదని తెలుసు. అయినా బస్సు దుమ్ము కనపడగానే నోరు జారింది.

"పోతాండావా తల్లీ?"

మారెక్క మూట చంకకు మార్చుకుంది. అతని మీద కోపం కూడా లేనట్టుంది ఆమె గొంతు.

"మొదట్నే చెప్పింటే ఉండేదాన్ని మామా. పిల్లోల్లు ల్యాకున్నా ఉండేదాన్ని. ఈ వాతలు మాత్రం పెట్టించుకునేదాన్ని కాదు."

బస్సు ఆగింది. ఆమె ఎక్కింది, వెనకాలే తల్లి ఎక్కింది. ఎర్రప్ప దారి పక్కన రాళ్ళ మీద కూర్చుని, మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాడు.